సుగుణ టీచర్ కట్టుకున్న ఆకుల లంగా

ప్లాస్టిక్ ఆకులకు ఒక వాసన ఉంటుంది. కొత్త రెయిన్‌కోటు వాసన, కలరా ఉండల వాసన, ఎవరిదో ఆరిపోయిన చెమట వాసన, మూడూ కలిసి ముక్కుకు కొడతాయి. మొన్న సాయంత్రం దవాఖానాలో డ్యూటీ దిగి, మా పాప వెన్నెలను వెంటబెట్టుకుని ఖమ్మంలో నాటకాల డ్రెస్సులు కిరాయికిచ్చే దుకాణానికి వెళ్ళాను. స్కూలు వార్షికోత్సవంలో వెన్నెలది ట్రైబల్ డ్యాన్స్ అని, ఆకుల డ్రెస్సు తేవాలని క్లాసు గ్రూపులో మెసేజి వచ్చింది. దుకాణాయన ఆలోచించనైనా లేదు. పై అరలోంచి ఒక కవరు లాగి, పచ్చటి ఆకుల లంగాను దులిపి నా చేతుల్లో పెట్టాడు. దాంతోపాటు తలకు కట్టుకునే ఈకల పట్టీ, మొహానికి పూసుకునే నల్లరంగు డబ్బా.

"పాపకు చిన్న సైజు సరిపోతది మేడం. ఈ సీజన్ల దీనికే మస్తు గిరాకీ," అన్నాడు.

నాది దుమ్ముగూడెం నుంచి అడవిలోకి వెళ్ళే దారిలో ఒక కోయ గూడెం. అక్కడ ఎవరైనా ఆకులు కట్టుకోగా నేను చూడలేదు. మా నాయనమ్మ చూడలేదు. ఆమె చెప్పిన కథల్లో కూడా ఎవరూ కట్టుకోలేదు. మా ఇళ్ళలో ఎవరూ ఎన్నడూ తొడగని బట్ట మా పేరు పెట్టుకుని ఊరూరా కిరాయికి తిరుగుతోంది. ఆ రోజు పొద్దునే ఈ మాట ప్రిన్సిపాల్ మేడమ్‌తో ఫోన్లో అన్నాను. ఆమె ఎంతో ముద్దుగా నవ్వింది. "మీరు ఆ ఏరియా వాళ్ళే కదా నాగమణి గారూ, పాపకు నేచురల్‌గా వస్తుందని పెట్టాం. ప్రోగ్రాం ఫిక్సయిపోయింది, ఇప్పుడు మార్చలేం," అంది. ఫోను పెట్టేశాక నాకు తగిన జవాబు తోచింది. నాకు జవాబులెప్పుడూ అంతే, బస్సు వెళ్ళిపోయాక వస్తాయి. కానీ దుకాణంలో ఆ వాసన తగలగానే, ఈ జవాబు నాది కాదని, పాతికేళ్ళ కింద ఒకావిడ నా కళ్ళముందే ఇచ్చిందని గుర్తొచ్చింది. ఆవిడ పేరు సుగుణ టీచర్.

నేను చదివింది ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో. బడీ హాస్టలూ ఒకే ఆవరణలో ఉండేవి. పిల్లలందరం చుట్టుపక్కల గూడేల వాళ్ళం, టీచర్లందరూ బయటినుంచి వచ్చినవాళ్ళు. సుగుణ టీచర్ వైరా వైపు రైతుల బిడ్డ. వాళ్ళ తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి, చెరువు కింద పొలాలు కొనుక్కుని స్థిరపడ్డారట. మాకు లెక్కలు చెప్పేది. ఎర్రగా, పొడుగ్గా, ఎప్పుడూ గంజి పెట్టిన నేత చీరలో ఉండేది. కోపం ముక్కు మీదే ఉండేది. చాక్‌పీసు విసిరితే గురి తప్పేది కాదు. లెక్కల టీచరే అయినా ఆటపాటలంటే ప్రాణం. అందుకని వార్షికోత్సవం పని ఆవిడ నెత్తిన పడింది. మొదటి ఏడాది ఆవిడ చేయించిందేమిటో తెలుసా? ఆకుల లంగా డ్యాన్సే.

ఇది చెప్పకుండా దాటేస్తే ఆవిడే ఒప్పుకోదు. తను పుట్టుకతోనే అన్నీ తెలిసినదాన్నని ఎవరైనా అనుకుంటే ఆవిడకు ఒళ్ళు మండేది. ఆ ఏడాది భద్రాచలం నుంచి డ్రెస్సులు తెప్పించి, సినిమా ట్యూనుకు జింగిలి జింగిలి అంటూ మా చేత గంతులు వేయించింది. మాకు సరదాగానే ఉంది, పిల్లలం కదా. చప్పట్లు మోగిపోయాయి. దిగి వస్తుంటే స్టేజీ పక్కన మా అమ్మ నిలబడి ఉంది. మమ్మల్ని చూడ్డానికి వాగు దాటి, పొద్దున్నే బయల్దేరి వచ్చింది. నన్ను పట్టి ఆపి, ఆ ఆకుల లంగా ఊడదీసి, తన భుజం మీది తువ్వాల నా నడుముకు చుట్టింది. అప్పుడు టీచర్ వైపు తిరిగింది.

"టీచరమ్మా, మా పిల్లకు బట్టలు లెవ్వా?"

"అయ్యో, ఉన్నాయమ్మా. ఇది డ్యాన్సు కోసం. మీ గిరిజనుల డ్రెస్సు కదా..."

"మాదా? మా ఇండ్లల్ల ఎవరు కట్టుకున్నరు గిట్ల? నువ్వు ఎప్పుడన్న వచ్చి చూసినవా?"

అమ్మ అరవలేదు. అరిస్తే టీచర్ కూడా అరిచేదేమో. అమ్మ ఊరికే అడిగింది, సమాధానం కోసం నిజంగానే ఆగింది. మర్నాడు ఆదివారం సుగుణ టీచర్ చెప్పులు చేతపట్టుకుని, చీర మోకాళ్ళ దాకా ఎత్తి వాగు దాటి మా గూడెం వచ్చింది. మా అమ్మ గుమ్మం ముందు అడ్డాకులు పరుచుకుని విస్తరాకులు కుడుతోంది. అడ్డతీగ ఆకులు అరచేతికంటే వెడల్పు ఉంటాయి. వాటిని సన్నటి వెదురు పుల్లలతో కలిపి కుట్టి, ఎండబెట్టి, కట్టలు కట్టి సంతకు తీసుకెళ్ళేవాళ్ళు. మైదానంలో పెళ్ళిళ్ళన్నీ ఆ విస్తరాకుల మీదే జరిగేవి. వైరాలో టీచర్ పెళ్ళి కూడా అంతే.

"చూడను వచ్చినవా?" అంది అమ్మ తలెత్తకుండా.

"అవునమ్మా. చూడకుండా చేసినందుకు సిగ్గేసి వచ్చాను."

"అయితే కూసో. సిగ్గుపడుకుంట నిలబడితె పని కాదు." అని నాలుగు ఆకులు ఆవిడ ముందుకు తోసింది. ఆ రోజంతా ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, నేను వాగులో ఈతకు పోయాను. తిరిగి వచ్చేసరికి టీచర్ వేలికి పుల్ల గుచ్చుకుని గుడ్డ కట్టుకుని ఉంది. ఇద్దరూ నవ్వుతున్నారు. ఆ రోజు నుంచి మా అమ్మ ఆవిడను ‘టీచరమ్మా’ అనడం మానేసి ‘ఓ సుగుణమ్మా’ అని పిలిచేది. ఆవిడ మా అమ్మను ‘అక్కా’ అనేది.

మరుసటి ఏడాది చలి మొదలు కాగానే ఆవిడ తొమ్మిదో తరగతి గదిలోకి వచ్చి లెక్కల పుస్తకం మూసేసింది. "ఈసారి ఐటమ్స్ మీరే చెప్పాలి. స్టేజీ మీద ఏం చేద్దాం?" అంది. ఎవరూ అడగని ప్రశ్న అడిగితే ఎవరికి మాత్రం జవాబు ఉంటుంది? మేం అందరం సినిమా పాటలే చెప్పాం. ఆవిడ విసుక్కోలేదు, విని ఊరుకుంది. ఆఖరికి వెనక బెంచీ నుంచి ఒక పిల్ల, "కొమ్ముల ఆట ఆడదాం టీచర్," అంది. మా గూడెంలో మగవాళ్ళు అడవిదున్న కొమ్ములు తలకు కట్టుకుని, పెద్ద డోళ్ళు మెడలో వేసుకుని ఆడే ఆట అది. ఆడవాళ్ళు భుజాల మీద చేతులు వేసుకుని వరుసగా కదులుతారు. టీచర్ మొహం వెలిగిపోయింది. "ఇదీ మాట! ఇది నిజంగా మీదే కదా?" అంది. ఆ వారమే నన్ను వెంటబెట్టుకుని కొమ్ములు అడగడానికి గూడెం పెద్ద దగ్గరికి బయల్దేరింది. నాకు తాత వరుస ఆయన.

ఉత్సవానికి పెద్ద గెస్టు వస్తున్నాడని టీచర్ చెప్తుంటే తాత చుట్ట కాలుస్తూ అంతా విన్నాడు. విని, "ఇయ్యను బిడ్డా," అన్నాడు.

"జాగ్రత్తగా తెచ్చి మళ్ళీ అప్పజెబుతాం తాతా. దగ్గరుండి నేనే చూసుకుంటా."

"జాగర్త సంగతి కాదు. కొమ్ములు పెండ్లికి తీస్తం, పండగకు తీస్తం. అప్పుడు మొక్కి తీస్తం. మీ గెస్టు వచ్చిండని తీస్తమా? ఆయన మాకు అల్లుడా, దేవుడా?"

నాకు చచ్చేంత భయం వేసింది. టీచర్ కోపం నాకు తెలుసు. కానీ ఆవిడ, "అవును తాతా. రెండూ కాదు," అంది. తిరిగొస్తూ వాగు దగ్గర ఆగి, "చూశావా మణీ, పోయిన ఏడాది మీది కానిదాన్ని మీదని ఎక్కించాను. ఈ ఏడాది మీదే కదా అని, అడిగితే చాలనుకున్నాను. రెండూ ఒకటే పొగరు. ఏది చూపించాలో ఎంత ముఖ్యమో, ఏది చూపించకూడదో అంతే ముఖ్యం. అది చెప్పే హక్కు చూడ్డానికి వచ్చినవాడిది కాదు," అంది. లెక్కల టీచర్ కదా, రెండు వైపులా సమానం చేసిగానీ వదిలేది కాదు. ఆ మాట మీద నేను ఇప్పటికీ నిలబడి ఉన్నాను.

ఆ తర్వాత తట్టిన ఆలోచన నాదే. గొప్పకు చెప్పడం లేదు, నాకే ఆశ్చర్యం. మధ్యాహ్నం అన్నాల దగ్గర కూర్చుని, "టీచర్, ఆకులు కట్టుకునే బదులు కుడితే?" అన్నాను. ఆవిడ ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. "మళ్ళీ చెప్పు," అంది. చెప్పాను. మేం బడి యూనిఫాంలోనే స్టేజీ ఎక్కుతాం. వరుసగా కూర్చుని విస్తరాకులు కుడతాం. కుట్టేటప్పుడు మా అమ్మలు మా భాషలో పాడుకునే పాటే పాడతాం. కుట్టినవి దిగి వచ్చి పెద్దమనుషుల చేతుల్లో పెడతాం. అంతే ఐటం. ఆఖర్న ఒక పిల్ల మైకులో నాలుగు మాటలు చెప్పాలి. ఆ పిల్లవు నువ్వేనంది టీచర్. నేను వద్దని ఏడ్చాను. నా తెలుగులో మా కోయ యాస ఉండేది, నేను నోరు తెరిస్తే కొందరు టీచర్లే మూతులు ముడుచుకుని నవ్వేవాళ్ళు. "ఆ యాస ఉంది చూడు, దాన్ని దిద్దావంటే చాక్‌పీసు పడుద్ది," అంది సుగుణ టీచర్.

ఉత్సవం రేపనగా మా హెడ్మాస్టరు, మేం పెద్దసారు అనేవాళ్ళం, భద్రాచలం నుంచి ట్రంకు పెట్టె దింపించాడు. మోసుకెళ్ళి స్టాఫ్‌రూములో పెట్టింది నేనూ ఇంకొక పిల్లా. మూత తీయగానే అదే వాసన. ఆకుల లంగాలు. పెద్దసారు చెడ్డవాడు కాదు, పై అధికారి తుమ్మితే తను ముక్కు తుడుచుకునే రకం.

"సుగుణమ్మా, గెస్టు హైదరాబాద్ నుంచి వస్తున్నడు. అడవిల బడి అంటే ఏం చూద్దామని వస్తడు, నీ ఇస్తరాకులా? ఆయన ఆఫీసోళ్ళు ఫోన్ చేసి మరీ అడిగిన్రు, ట్రైబల్ డ్యాన్స్ ఉందా అని. పిల్లలకు ఇవి కట్టించు. లేకుంటే నీ బదిలీ నా చేతుల ఉండదు."

సుగుణ టీచర్ పెట్టెలోంచి ఒక ఆకుల లంగా తీసి, విదిలించి, గంజి పెట్టిన తన నేత చీర మీదనే నడుముకు కట్టుకుంది. ముడి బిగించింది. ఈకల పట్టీ తలకు పెట్టుకుంది. మేమిద్దరం తలుపు పక్కనే ఉన్నాం. మిగతా టీచర్లు నవ్వాలో మానాలో తెలియక ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"ఏందమ్మా ఇది?" అన్నాడు పెద్దసారు.

"బాగుందా సార్? స్కూలు పరువు దీనిమీదే ఉందన్నారు కదా. ముందు నేను కట్టుకుంటా. నా తర్వాత మీ అమ్మాయికి కడదాం. ఎనిమిదో క్లాసే కదా, సైజు సరిపోద్ది. ఆ తర్వాత ఈ పిల్లలకు."

"మా అమ్మాయెందుకమ్మా మధ్యల?"

"అదే సార్ నేనూ అడిగేది. వీళ్ళెందుకు?"

పెద్దసారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. "నీ ఇష్టం. పైనుంచి మాటొస్తే మాత్రం నా పేరు చెప్పొద్దు," అన్నాడు. "చెప్పను సార్. నా పేరే చెప్తా," అంది ఆవిడ. ఆ లంగాతోనే వరండా అంతా నడుచుకుంటూ మా రిహార్సల్‌కు వచ్చింది. పిల్లలు పగలబడి నవ్వుతుంటే తనూ నవ్వింది. "నవ్వండి నవ్వండి. ఇది ఎవరు కట్టుకున్నా ఇంత నవ్వులాటగానే ఉంటుంది. అందుకే మీచేత కట్టించాలని చూస్తారు," అంది. అప్పటిదాకా నాలో ఉన్న బెరుకు ఆ నవ్వుతో పోయింది. రేపు నేను తడబడితే నాకొచ్చే నష్టమేమీ లేదు, ఆవిడ ఉద్యోగమే ఎక్కడికో పోతుంది. అది తెలిశాక ఇక తడబడకూడదనుకున్నాను.

మర్నాడు మా ఐటం వచ్చింది. నీలం పావడాలు, తెల్ల జాకెట్లు, నూనె పెట్టి బిగించిన జడలు. కూర్చుని పాట అందుకున్నాం. మా భాష ఆ మైకులోంచి వినపడటం అదే మొదటిసారి. వెనక నిలబడ్డ తల్లులు ముందు గుసగుసలాడారు, తర్వాత పాట అందుకున్నారు. విస్తరాకులు పట్టుకుని మేం కిందికి దిగి ముందు వరుసలో అందరికీ ఒక్కొక్కటి ఇచ్చాం. నేను మైకు ముందుకు వెళ్ళాను.

"అయ్యలారా, ఈ ఆకు మా అమ్మలు అడవికి పోయి తెస్తరు. ఇంటి ముంగట కూసొని కుడతరు. మీ పెండ్లిళ్ళల్ల మీరు తినేది దీంట్లనే. ఆకుల మేం అన్నం పెడతం. ఆకు కట్టుకోం."

చప్పట్లు వెంటనే రాలేదు. గెస్టు విస్తరాకు చేతిలో పట్టుకుని, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూశాడు. పెద్దసారు వైపు వంగి, "బాగుంది బాగుంది. ట్రైబల్ డ్యాన్స్ ఎప్పుడు?" అన్నాడు. ఆయన ముందున్న మైకు ఆపలేదు పాపం, ఆ మాట వెనకనున్న తల్లులందరికీ వినిపించింది. పెద్దసారు నీళ్ళు నమిలాడు. అప్పుడు సుగుణ టీచర్ నా చేతిలోంచి మైకు తీసుకుంది.

"అయిపోయింది సార్. మీరు ఇప్పుడు చూసింది అదే."

మొదటి చప్పట్లు హాస్టల్ వంటవాళ్ళవి, తర్వాత అందరివీ. మా అమ్మ కొట్టలేదు. ఆమె మేం కుట్టిన విస్తరాకు ఒకటి తీసుకుని ఎండకు పెట్టి చూస్తోంది, ఎక్కడైనా చిల్లు ఉందేమోనని.

వేసవి సెలవుల్లోనే బదిలీ కాగితం వచ్చింది. జిల్లా ఈ కొస నుంచి ఆ కొసకు, కూసుమంచి అవతల ఒక బడికి. దానికీ దీనికీ సంబంధం లేదని పెద్దసారు అందరికీ చెప్పాడు, ఎవరూ అడగకుండానే. ఆవిడ సామాను సర్దుకుంటుంటే మేం కొందరం వెళ్ళి ఏడ్చాం. "ఏడవడానికేముంది? అక్కడ మాత్రం పిల్లలు లేరా, స్టేజీ లేదా?" అని కసిరింది. తర్వాత నన్ను ఒక్కదాన్నే పక్కకు పిలిచింది. "నేను పోతాను గానీ ఆ లంగా పోదు మణీ. మళ్ళీ వస్తుంది. నువ్వు ఏ ఊళ్ళో ఉన్నా వెతుక్కుంటూ వస్తుంది. అప్పుడు మర్యాదగా నవ్వి తీసుకోకు," అంది. నిజమే, ఆ మరుసటి ఏడాదే వచ్చింది. మేం కట్టుకోం అన్నాం. మా తరగతికి ఆ ఏడాది ఐటమే లేకుండా చేశారు. కింద కూర్చుని వేరే తరగతుల డ్యాన్సులు చూశాం. బాధగానే ఉంది, కాదనను. కానీ తలలు వంచుకుని మాత్రం చూడలేదు.

ఆవిడ పోయి మూడేళ్ళవుతోంది. వైరాలో పెద్దకర్మ నాడు నేనూ మా అమ్మా వెళ్ళాం. భోజనాల దగ్గర కాగితం ప్లేట్లు పేర్చి ఉన్నాయి. మా అమ్మ తను మోసుకొచ్చిన కట్ట విప్పి, పంక్తి పొడుగునా విస్తరాకులు వేసుకుంటూ పోయింది. ఆవిడ కొడుకు వారించబోతే, "మా సుగుణమ్మకు నేను కుట్టిన," అంది. అతను ఇక అడ్డు చెప్పలేదు. తిరుగు బస్సులో అమ్మ కిటికీలోంచి చూస్తూ, "ఆమెకు చివరిదాకా కుట్టుడు రాలే. కుట్టినదల్లా కారేది," అని కళ్ళు తుడుచుకుంది.

మొన్న దుకాణంలో ఆ వాసన వచ్చినప్పుడు ఇదంతా ఎంతసేపు తలచుకున్నానో తెలియదు. దుకాణాయన, "ఏంది మేడం, ప్యాక్ చెయ్యాల్నా?" అని రెండోసారి అడిగాడు. వెన్నెల నా చెయ్యి పట్టుకుని నా మొహంలోకే చూస్తోంది. దానికీ ఆ లంగా నచ్చలేదు. కానీ నచ్చలేదని చెప్పొచ్చని దానికి ఇంకా తెలియదు. నాకు కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది, ఆ రెండిటి వెనకే నవ్వొచ్చింది. నల్లరంగు డబ్బా కౌంటరు మీద దూరంగా నెట్టాను.

"పెద్ద సైజు ఉందా?"

"పెద్దోళ్ళకా మేడం? ఉంది. ఎవరికి?"

"మా పాప స్కూల్ల ప్రిన్సిపాల్ మేడమ్‌కు," అన్నాను. కోపం వస్తే నా నోట్లోకి మా ఊరి మాటే వస్తుంది. ఎన్నడూ దిద్దుకోలేదు.

దుకాణాయన నవ్వుతున్నానేమోనని నా వైపు చూశాడు. నేను నవ్వట్లేదని తెలిసి పై అర వైపు నిచ్చెన జరిపాడు. కవరు చేతికి వచ్చాక మెట్లు దిగుతూ వెన్నెల అడిగింది.

"అమ్మా, మేడం అది వేసుకుంటదా?"

"వేసుకోదు. అందుకే నువ్వూ వేసుకోవు."